నాటు కోడికి నూకలు చాలవు

పెరటి కోడికి వేరే మేత ఎందుకన్న అభిప్రాయం పల్లెల్లో పాతుకుపోయింది. గుప్పెడు నూకలు చల్లితే మిగతాది పెంటకుప్ప చూసుకుంటుందట! ఏడాదికి 60, 70 గుడ్లకు మించి పెట్టడం లేదని మళ్ళీ కోడినే నిందిస్తారు. జాతి లక్షణం కొంత ఉన్న మాట నిజమే. తప్పంతా జాతిది మాత్రం కాదు.

నాటు గుడ్డులో సుమారు 5 గ్రాముల మాంసకృత్తులుంటాయి. నూకల్లో అవి నూటికి 8 పాళ్ళే. గుడ్లు పెట్టే కోడి మేతలో 15, 16 పాళ్ళయినా ఉండాలి. పిల్లలకు మొదటి ఎనిమిది వారాలు ఇంకా ఎక్కువ కావాలి. అప్పుడు గిడసబారిన పిల్ల ఆలస్యంగా గుడ్డుకొస్తుంది. వానాకాలంలో పురుగులు, చెదలు ఈ లోటు కొంత పూడుస్తాయి. ఎండాకాలంలో అవీ దొరకవు.

వేరుశనగ చెక్కలో నూటికి 40 పాళ్ళకు పైగా మాంసకృత్తులున్నాయి. నూకలు, తవుడులో కొంత కలిపితే ఎంతో మేలు. బూజు పట్టిన చెక్క మాత్రం విషమే.

పెరటి కోళ్ళ పథకాల కింద పిల్లలను పంచి లెక్క రాసుకున్నంత మాత్రాన పశుసంవర్ధక శాఖ పని తీరదు. గుడ్ల డబ్బు చాలా ఇళ్ళలో ఇల్లాలి చేతి ఖర్చు. ఆమెకు పిల్లలతోపాటు రెండు నెలల మేత ఇవ్వాలి. చెక్క ఏ పాళ్ళలో కలపాలో ఊళ్ళోకి వచ్చి చూపించాలి.