వంతదారుకు బడిలో చోటేదీ?

చదివింది అర్థం కావాలంటే రెండు పనులు జరగాలి. అక్షరాలు కూడబలుక్కోవడం ఒకటి, ఆ మాటలు చెబుతున్న సంగతిని పట్టుకోవడం రెండోది. ఈ రెంటి లబ్ధమే పఠనావగాహన అని 1986లో పరిశోధకులు గఫ్, టన్మర్ ప్రతిపాదించారు. లబ్ధం కనుక ఒకటి సున్నా అయితే మొత్తం సున్నాయే. తెలంగాణ బడుల్లో 2022లో మొదలైన 'తొలిమెట్టు' కార్యక్రమ లక్ష్యాల్లో అర్థం చేసుకుని చదవడమూ ఉంది. తరగతి గదిలో మాత్రం ధారాళంగా చదివితే చాలు, పాఠం వచ్చినట్టే లెక్క.

రెండో పనికి కావలసిన విద్య ఓరుగల్లు (వరంగల్) సీమకు కొత్త కాదు. పల్నాటి వీరుల కథను ఓరుగల్లు వీధుల్లో పాడేవారని పాత వీధినాటకం క్రీడాభిరామమే చెబుతుంది. ఐనవోలు, కొమురవెల్లి జాతరల్లో ఒగ్గుకథ నేటికీ వినబడుతుంది. ఆ కథ ఒక్కరు చెప్పేది కాదు. ప్రధాన కథకుడు మల్లన్న కథో బీరప్ప కథో ఎత్తుకుంటే పక్కన వంతదారు నిలబడతాడు. "అటెన్క ఏమైంది?" అని అడుగుతాడు. "ఇగ ఊకుంటడా?" అని రాబోయేదాన్ని ముందే ఊహించి జనాన్ని ఊరిస్తాడు. కొరుకుడు పడని మాటను ఇంటి మాటలోకి తిప్పుతాడు. కథకుడు ఒక పాత్రలోంచి మరో పాత్రలోకి దూకినప్పుడు మాట్లాడేది ఎవరో తన జవాబుతోనే తెలియజేస్తాడు. నడిరాత్రి వచ్చి కూర్చున్నవాళ్ల కోసం జరిగిన కథను నాలుగు ముక్కల్లో తేలుస్తాడు.

అమెరికాలో పాలింక్సర్, బ్రౌన్ 1984లో ప్రకటించిన పరిశోధన చూడండి. చదవగలిగీ అర్థం చేసుకోలేని ఏడో తరగతి పిల్లలకు వాళ్లు నేర్పినవి నాలుగు: ప్రశ్న వేయడం, తెలియనిది తేటపరచుకోవడం, జరిగింది క్లుప్తంగా చెప్పడం, జరగబోయేది ఊహించడం. పిల్లలే వంతులవారీగా గురువు పాత్ర తీసుకున్నారు, అవగాహన పెరిగింది. ఉపాధ్యాయ శిక్షణలో ఆ పద్ధతికి గౌరవముంది. అదే పని రాత్రంతా డోలు దెబ్బ మధ్య చేసే మనిషి మాత్రం వార్షికోత్సవాల వేదిక మీద పావుగంట వినోదం.

చేర్యాల నకాషీ పటం మరో సాధనం. 2016 దాకా వరంగల్ జిల్లాలో, ఇప్పుడు సిద్దిపేటలో ఉన్న ఈ ఊరి చిత్రకారులు కులపురాణాన్ని వరుస గడులుగా గీస్తారు. పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెప్పే కూనపులివారు ఒక్కో గడిని చూపుతూ కథ నడుపుతారు. ఎవరు, ఎక్కడ, ఏ చిక్కు, ఏం చేశారు, ఏమైంది అన్న ఇలాంటి వరుసనే రూమెల్‌హార్ట్ 1975లో, స్టైన్, గ్లెన్ 1979లో కథా వ్యాకరణంగా సూత్రీకరించారు. పాఠం చదివిన పిల్ల అయిదు గడులు గీసి కథ తిరిగి చెబితే, ఏ గడి ఖాళీగా మిగిలిందో అక్కడే అర్థం తెగిందని పంతులుకు తెలుస్తుంది. పాఠం చివరి ఖాళీలు పూరించే ప్రశ్నలు ఆ సంగతి చెప్పవు.

పురాణకథలు ప్రభుత్వ బడికి తగవన్న అభ్యంతరం ఉంది. బడికి కావలసింది చెప్పే తీరు, మల్లన్న మహిమ కాదు.

ఇలాంటి కళలకు గౌరవాలు లేవని కాదు. జనగామ ప్రాంతపు చిందు యక్షగాన కళాకారుడు గడ్డం సమ్మయ్యకు 2024లో పద్మశ్రీ వచ్చింది. ఒగ్గుకథకు దేశమంతా పేరు తెచ్చిన మాణిక్యాపురం చుక్క సత్తయ్య 2017లో వెళ్లిపోయారు. బతికినన్నాళ్లూ సన్మానాలు, పోయాక సంతాపాలు. వారి కళను బోధనాశాస్త్రంగా పరిశీలించిన శిక్షణ పుస్తకం మాత్రం ఏదీ? శాలువా కప్పితే బాధ్యత తీరిందనుకునే అలవాటు అధికారులకే కాదు, సాహిత్య సంస్థలకూ ఉంది. అసలు ఈ విద్యను 'జానపదం' అన్న అరలో పెట్టి తాళం వేసినవాళ్లలో విశ్వవిద్యాలయ పండితులే ముందున్నారు.

ఈ పద్ధతికి హద్దులూ ఉన్నాయి. గడుల పటం కథకు సరిపోతుంది గాని, కిరణజన్య సంయోగక్రియ పాఠానికి అంతగా అతకదు. అక్కడ వంతదారు ప్రశ్నలే పనికొస్తాయి, వాటినీ పాఠాన్ని బట్టి మార్చుకోవాలి. ఉపాధ్యాయులకు ఈ విద్య నేర్పడానికి హన్మకొండలోని ఉపాధ్యాయ శిక్షణ సంస్థ (డైట్)లో ఏటా కొన్ని రోజులు ఒగ్గు కళాకారులను శిక్షకులుగా పిలవాలి. వాళ్ల వేతనం సాంస్కృతిక శాఖ పారితోషికంగా కాక, విద్యాశాఖ శిక్షణ పద్దు నుంచి రావాలి.