పక్కన కూర్చుంటే చాలు
“కాస్త అలా బయట తిరిగిరా, దిగులు అదే పోతుంది” అంటుంది మా పిన్ని, ఫోన్ చేసినప్పుడల్లా. ఆమె ప్రేమను శంకించను. కానీ పొద్దున పదకొండైనా పళ్లు తోముకోవడానికి లేవలేని మనిషికి వీధి చివర ఎంత దూరమో ఆమెకు తెలీదు. షుగర్ ఉన్నవాళ్లకు “ధైర్యంగా ఉండు, మాత్ర ఎందుకు?” అని ఎవరూ చెప్పరు, డిప్రెషన్ మాత్ర కనబడితే మాత్రం “అలవాటైపోతుంది, మానెయ్” అంటారు. ఆ మాత్ర పనిచేయడం మొదలవ్వడానికే రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. డాక్టరుతో చెప్పకుండా ఆపితే జబ్బు తిరగబెట్టొచ్చు. రెండేళ్లకు పైగా వదలకుండా సాగే దిగులుకు వైద్యులు డిస్థీమియా అని పేరే పెట్టారు. బద్ధకానికి అలాంటి పేరు లేదు. మానసిక ఆసుపత్రి ఉందని ఎర్రగడ్డ పేరునే తిట్టుగా వాడే హైదరాబాదులో సాయం అడగడానికే గుండె కావాలి. అందుకే 2022లో మొదలైన మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416 తెలిసి ఉండటం వంద సలహాలకన్నా మేలు. పిన్నితో వాదన మానేశాను. “నడక తర్వాత సంగతి, ఆదివారం వచ్చి పక్కన కూర్చో పిన్నీ” అన్నాను. వచ్చింది. ఏమీ అనకుండా చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ కూర్చుంది. నేనూ నాలుగు తీశాను. ఆ పూటకు అంతే చేతనైంది. అది చాలదని ఆమె అనలేదు.