గోడ మీద నల్ల పలక

పోయిన దసరా సెలవులకి ముందు మా అక్క ఫోన్ చేసి, "ఒరేయ్, నువ్వు ఈసీఈ కదా, ఒక టీవీ సంగతి చెప్పు" అంది. మన బ్రాంచి వాళ్లందరికీ ఈ బాధ తెలిసిందే. చుట్టాల్లో ఎవరింట్లో రిమోట్ పనిచేయకపోయినా ఫోన్ మనకే వస్తుంది. కానీ ఇది రిమోట్ గొడవ కాదు. అక్కా బావా మియాపూర్‌లో ఫ్లాట్ కొనుక్కున్నారు, ఇరవై ఏళ్ల లోను మీద. ఇంటీరియర్ చేసే ఆయన హాల్లో గోడకి ఒక టీవీ చూపించాడట. ఆపేస్తే పెయింటింగ్‌లా కనిపిస్తుంది, చుట్టూ చెక్క ఫ్రేము ఉంటుంది, గోడకి అంటుకుపోయినట్టు కూర్చుంటుంది. 55 అంగుళాలది, ఫ్రేముతో కలిపి రూ.1,05,000. అదే సైజు మామూలు 4కే టీవీ రూ.49,000కి వస్తోంది. సెప్టెంబర్ 22 నుంచి పెద్ద టీవీల మీద జీఎస్‌టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది కదా, ఆ మిగిలింది డిజైన్‌లో పెడదాం అని బావ లెక్క.

తేడా రూ.56,000. ఇంచుమించు నా ఏడాది హాస్టల్ ఖర్చు. అది కట్టేది కూడా అక్కే. కాబట్టి నా సలహాలో స్వార్థం లేదని మాత్రం అనలేను.

"వద్దక్కా, వేస్టు" అనేశాను. కారణాలు తర్వాత వెతుక్కున్నాను. ఎగ్జామ్‌లో కూడా మనం చేసేది అదేగా, ముందు ఆన్సర్, తర్వాత స్టెప్పులు.

మొదటి కారణం తెర. ఖరీదైన టీవీల్లో తెర చాలావరకు ఆ కంపెనీ తయారుచేసింది కాదు. డెన్మార్క్‌లో 1925లో మొదలైన బ్యాంగ్ అండ్ ఒలుఫ్‌సెన్ పేరు వినే ఉంటారు. వాళ్లు 2019లో బియోవిజన్ హార్మొనీ అనే టీవీ తెచ్చారు. ఓక్ చెక్క, అల్యూమినియంతో చేసిన రెండు పలకలు సీతాకోకచిలుక రెక్కల్లా విచ్చుకుంటాయి, మధ్యలోంచి తెర పైకి లేస్తుంది. చూడ్డానికి రెండు కళ్లూ చాలవు. కానీ లోపలి ఓఎల్‌ఈడీ తెర ఎల్‌జీదే. జర్మనీ లోవె కూడా అక్కడి నుంచే తెచ్చుకుంటుంది. అంటే బొమ్మకి ఒక ధర, ఆ బొమ్మ చుట్టూ ఉన్నదానికి ఇంకో ధర. రెండోదే ఎక్కువ.

రెండోది, కాగితం తీసుకుని ఒక చిన్న లెక్క వేశాను. మీరూ వేసుకోవచ్చు. మామూలు చూపున్న కన్ను సుమారు ఒక ఆర్క్ మినిట్ కోణం దాకా విడదీసి చూడగలదు. 55 అంగుళాల టీవీ వెడల్పు 122 సెంటీమీటర్లు. 3840 పిక్సెళ్లతో భాగిస్తే ఒక్కోటి 0.32 మిల్లీమీటర్లు. 1.1 మీటరు దూరం దాటితే ఆ పిక్సెల్ మన కంటికి విడిగా కనబడదు. అక్క హాల్లో సోఫా నుంచి గోడకి మూడు మీటర్లు. అంత దూరం నుంచి పాత ఫుల్ హెచ్‌డీకీ 4కేకీ తేడా చెప్పడమే కష్టం. నలుపు, వెలుతురు, రంగుల్లో తేడాలు ఇంకా ఉన్నాయనుకోండి, కాదనను. అయినా మధ్యరకం టీవీ బొమ్మే అందరికీ సరిపోయేంత బాగున్నప్పుడు, ఎక్కువ డబ్బు అడగాలంటే కంపెనీ ఇంకేం చూపించాలి? సన్నదనం, చెక్క, లోహం.

సన్నదనం మీద నాకు ప్రత్యేకంగా కోపం. 2017లో ఎల్‌జీ గోడకి అంటించే 65 అంగుళాల వాల్‌పేపర్ టీవీ తెచ్చింది. తెర మందం మూడు మిల్లీమీటర్లు కూడా లేదు. మరి బోర్డులు, పవర్ సప్లై, స్పీకర్లు ఏమయ్యాయి? కింద పెట్టే పొడుగాటి సౌండ్ బార్‌లోకి వెళ్లాయి. స్పీకర్‌కి గాలి కావాలి, గాలికి చోటు కావాలి. ఆ చోటు టీవీలో తీసేస్తే ఇంట్లో ఇంకెక్కడో ఇవ్వాల్సిందే. అదే కంపెనీ చుట్టుకునే టీవీ కూడా చేసింది. పెట్టెలోంచి చాపలా పైకి లేచి, అవసరం తీరాక మళ్లీ లోపలికి చుట్టుకుపోతుంది. 2020లో కొరియాలో 10 కోట్ల వన్, 2022లో మన దేశంలో రూ.75 లక్షలు. ఆ డబ్బుతో అక్క ఫ్లాట్ లాంటిదే ఇంకోటి రావచ్చు.

ఇవన్నీ వాయిస్ మెసేజ్‌లో పెట్టాను, ఏడు నిమిషాలు. అక్క మొత్తం విందో లేదో తెలీదు. రాత్రి ఫోన్ చేసి ఒక్కటే అంది. "మనింట్లో టీవీ కనబడని గది ఎప్పుడైనా ఉందేంట్రా?"

ఆ ఒక్క మాటతో నా ఆర్క్ మినిట్లు అన్నీ పోయాయి.

మా నాన్న తెనాలిలో టీవీ మెకానిక్. షాపు అంటే మా ఇంటి ముందు గదే. నాకు బాగా గుర్తున్నది చివరి రోజులే కానీ, అక్క పదో తరగతి దాకా మొత్తం పిక్చర్ ట్యూబుల మధ్యే చదువుకుంది. మంచం కింద ట్యూబులు, బీరువా మీద క్యాబినెట్లు, కిటికీలో ఎల్ఓటీలు. ఇల్లంతా సోల్డరింగ్ పొగ వాసన. ఎవరో ఒకరి టీవీ పొట్ట తెరుచుకుని మధ్యలో కూర్చునేది. ఫ్రెండ్స్‌ని ఇంటికి తీసుకురావడానికి తనకి నామోషీగా ఉండేదట. ఇన్నేళ్లలో ఈ మాట నాన్నతో అనలేదు, నాతో కూడా మొదటిసారి అదే. అలాంటి మనిషి తన సొంత హాల్లో టీవీ ఉండి కూడా కనబడకూడదు అనుకుంటే, దానికి రూ.56,000 ఎక్కువా తక్కువా అని నేను ఏ ఫార్ములాతో తేల్చాలి?

టీవీని దాచాలన్న కోరిక కొత్తదీ కాదు, డెన్మార్క్ వాళ్ల సొంతమూ కాదు. ఎనభైల్లో మన ఇళ్లలో శటర్ టీవీలు ఉండేవి. చెక్క క్యాబినెట్, ముందు పక్కకి జరిపే తలుపులు, కొన్నిటికి తాళం కూడా. పరీక్షల టైములో ఆ తాళంచెవి అమ్మల కొంగున ఉండేదని నాన్న చెప్తాడు. హైదరాబాద్ ఈసీఐఎల్ వాళ్ల ఈసీ టీవీలు నాన్న చేతిమీదుగా ఎన్ని వెళ్లాయో లెక్కే లేదు. మా వీధిలో ఒకాయన శటర్ టీవీకి ట్యూబు పోతే మార్చుకున్నాడు, మళ్లీ పోతే మళ్లీ మార్చుకున్నాడు. ఇక బోర్డుకి పార్టులు దొరకని రోజు వచ్చాక లోపలిదంతా పీకించేసి, క్యాబినెట్‌ని దేవుడి మందిరం చేసుకున్నాడు. అది ఇప్పటికీ ఉంది. పోయిన సంక్రాంతికి చూశాను.

నా అసలు అభ్యంతరం ఇక్కడే ఉంది, అక్క మాట విన్నాక కూడా ఇది మారలేదు. మనం డిజైన్‌కి ఇచ్చేది సామాను ధర. మంచి టేకు బల్ల కొంటే పిల్లల పెళ్లిళ్ల దాకా ఉంటుంది. ఈ టీవీ ఫ్రేము ఆ ఒక్క మోడల్‌కి, ఆ ఒక్క సైజుకే సరిపోతుంది. లోపల తెర పోయిన రోజు ఫ్రేము కూడా చెత్తే. ఇప్పుడొచ్చే టీవీల్లో బ్యాక్‌లైట్ స్ట్రిప్పులు, కెపాసిటర్లు పోతే నాన్న మార్చేస్తాడు, కానీ ప్యానెల్ పగిలితే చేతులెత్తేస్తాడు. కొత్త ప్యానెల్ ధర దాదాపు కొత్త టీవీ ధర. శాంసంగ్ వాళ్ల ఫ్రేమ్ టీవీలో ముఖ్యమైన బోర్డుల్ని తెర వెనక కాకుండా విడి పెట్టెలో పెట్టారు. గోడకి ఆనాలని అలా చేశారేమో గానీ, రిపేరు చేసేవాడికి అది నిజంగా మేలు. అలాంటి ఆలోచనకి నేను డబ్బిస్తాను. తెర మార్చి ఫ్రేము ఉంచుకోగలిగితే లక్ష కూడా ఇస్తాను, నా దగ్గరుంటే. ఏడెనిమిదేళ్లలో పోయే వస్తువుకి ఇరవై ఏళ్ల వస్తువు ధర కట్టడం మాత్రం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

అక్కకి ఈ మాట కూడా చెప్పాను. "సరేరా, ఏడెనిమిదేళ్లు చాలు" అంది.

కొన్నారు. కార్తీకమాసంలో గృహప్రవేశం. గోడ మీద ఏదో నది, పడవ బొమ్మ. వచ్చిన వాళ్లలో సగం మంది టీవీ ఏదమ్మా అని అడిగారు. అలా అడిగినప్పుడల్లా అక్క ముఖం చూడాలి. నేను వేస్టు అన్నది ఆ ముఖాన్ని లెక్కలోకి తీసుకోకుండానే అని ఒప్పుకోవాలి.

భోజనాలయ్యాక నాన్న ఒక్కడే ఆ గోడ దగ్గరికి వెళ్లాడు. కళ్లజోడు పైకి జరిపి, ఫ్రేము అంచు వెంట వేలు పోనిచ్చి, వెనక్కి చెయ్యి పెట్టబోయాడు. పట్టలేదు. నన్ను పిలిచి మెల్లగా, అక్కకి వినబడకుండా, "దీన్ని ఎటునుంచి విప్పాలిరా?" అన్నాడు.