గుండె మార్పిడి సరే, వైరింగు బొమ్మ ఏదీ?

మా పక్కింటాయన దగ్గర 1969 నాటి షెవర్లే సీ10 పికప్పు ఉంది. వాళ్ళ నాన్న కొన్న బండి. ఆర్నెల్లుగా శనివారం వస్తే చాలు, గరాజులో దాని కింద దూరి ఉంటాడు. నేను కాఫీ కప్పు పట్టుకుని పక్కన నిలబడి సలహాలు పారేస్తుంటాను (ఇంజనీరింగు చదివినందుకు ఆ మాత్రం ఉపయోగం ఉండాలి కదా!). ఆయన చేస్తున్నది అమెరికాలో పాత బళ్ళ పిచ్చి ఉన్నవాళ్ళంతా చేసే పనే: పాత ఇంజను, గేరుబాక్సు పీకేసి కొత్తకాలంవి పెట్టడం. ఎల్ఎస్ స్వాప్ అంటారు.

"పుట్టుకతో వచ్చిన ఇంజను ఉంటేనే బండికి విలువ" అని బాధపడిపోయేవాళ్ళు చాలామందే ఉన్నారు. నేను ఆ జట్టు కాదు. అందులో ఉన్నది ఆరు సిలిండర్ల 4.1 లీటర్ల కార్బురేటర్ ఇంజను, మన పాత అంబాసిడర్లో లాగా స్టీరింగు పక్కనే గేరు రాడ్డు, మూడే గేర్లు. 3.73 యాక్సిలుతో, 28 అంగుళాల టైర్లతో 70 మైళ్ళ వేగంలో పోతే ఇంజను నిమిషానికి దగ్గరదగ్గర 3100 చుట్లు తిరుగుతుంది. పక్కవాడితో మాట్లాడాలంటే అరవాలి. ఇప్పుడు పెడుతున్నది తుక్కుకి పోయిన సిల్వరాడోలోంచి తీసిన 5.3 లీటర్ల వీ8, దానితోపాటు వచ్చిన 4ఎల్60ఈ ఆటోమాటిక్. దాని నాలుగో గేరు 0.70 కాబట్టి అదే వేగానికి 2200 చుట్లు చాలు. టార్పాలిన్ కింద పడుకున్న బండికి విలువ ఎక్కువ, రోడ్డెక్కే బండికి తక్కువ అంటే నాకు లెక్క అర్థం కాదు.

ఒక విషయంలో మాత్రం ఆయన్ని మెచ్చుకోవాలి. ఇంజను కన్నా ముందు బ్రేకులు మార్చాడు. 1969 మోడలుకి నాలుగు చక్రాలకీ డ్రమ్ములే, ముందు చక్రాలకి డిస్కులొచ్చింది 1971 మోడలు నుంచి.

బోల్టుల పని చకచకా అయిపోయింది. మౌంట్లకి అడాప్టర్ ప్లేట్లు, ఛాసిస్‌కి తగలకుండా వేరే ఆయిల్ పాన్, కొలతకి కోయించిన డ్రైవ్ షాఫ్టు, అంతే. నాలుగు నెలలు తినేసింది వైరింగు! పాత కార్బురేటర్‌కి అయిదారు పీఎస్ఐ ఒత్తిడితో పెట్రోలు అందితే సరిపోయేది, దీనికి 58 దాకా కావాలి. అసలు ట్యాంకు కాబిన్‌లో సీటు వెనకే ఉండేది (అవును, పెట్రోలుకి వీపు ఆనించి కూర్చునేవాళ్ళు), దాన్ని తీసేసి వెనక తొట్టి కింద పంపుతో సహా కొత్తది పెట్టాడు. ఎనిమిది సిలిండర్లకి ఎనిమిది కాయిల్సు, క్రాంక్ సెన్సరు, ఆక్సిజన్ సెన్సర్లు, అన్నీ పోయి కంప్యూటర్లో కలవాలి. ఆ కంప్యూటరేమో పాత బండి తాళంచెవి కోసమే ఎదురుచూస్తుంటుంది. ప్రోగ్రాములో ఆ దొంగతనం కాపలా తీసెయ్యకపోతే ఇంజను ఇలా స్టార్టయ్యి అలా ఆగిపోతుంది. ఇక్కడే నా సలహాలకి కాస్త గిరాకీ పెరిగింది :-)

నా గొడవ కూడా ఇక్కడే. అక్కర్లేని వైర్లు కోసేశాడు, ఉన్నవి అతికించాడు, మొత్తానికి నల్ల టేపు చుట్టేశాడు. "బొమ్మ ఎక్కడుంది?" అనడిగితే తన తలకాయ చూపించాడు. హతోస్మి! ఇలా తలకాయలో డాక్యుమెంటేషన్ పెట్టుకుని ఉద్యోగం మారిపోయినవాళ్ళ కోడు ముందు కూర్చుని ఎన్ని రాత్రులు ఏడ్చానో నాకు తెలుసు.

వాళ్ళ నాన్న ఈయనకి ఇచ్చింది ఎలాంటి బండి? ఏ ఊళ్ళో ఆగినా, స్క్రూడ్రైవర్ ఉన్న ఏ మెకానిక్కయినా బానెట్ ఎత్తి చూసి అర్థం చేసుకోగలిగే బండి. ఈయన వాళ్ళమ్మాయికి ఇవ్వబోయేది తను తప్ప ఎవరికీ అర్థం కానిది. ఆ పిల్లకి పదహారేళ్ళు, బండి నాకే కావాలని ఇప్పట్నించే అంటోంది. ఈయన లేనప్పుడు హైవే మీద ఆగితే ఎవరిని అడగాలి? ఇంజను నంబరు గురించి యుద్ధాలు చేసే పెద్దమనుషులు ఒక్కరైనా ఈ ప్రశ్న వెయ్యరేం?

పోయిన శనివారం కాఫీ కప్పు బదులు గ్రాఫు నోటుబుక్కు పట్టుకెళ్ళాను. ఆయన కిందనుంచి రంగు చెప్తుంటే వాళ్ళమ్మాయి రాసింది, నేను గీతలు గీశాను. ముప్ఫై ఒక్క వైర్లు అయ్యాయి. ఇంకో రెండు ఎటు పోతున్నాయో ఆయనకే గుర్తులేదు.