రేకు వంగేది చల్లారేటప్పుడు

ఫస్టియర్ వర్క్‌షాప్‌లో టిన్ స్మిథీ ట్రే నా ఫ్రెండే చేసిపెట్టాడు. నేను అటెండెన్స్ వేయించుకుని వచ్చేశా. "సీఎస్‌ఈ వాడికి రేకులతో పనేంటి?" అనుకున్నా. ఈ మధ్య లేజర్ ఫార్మింగ్ గురించి చదివాక ఆ మాట వెనక్కి తీసుకుంటున్నా.

లేజర్ అంటే కోయడానికే అనుకునేవాణ్ణి. వంచుతుంది కూడా! డై అక్కర్లేదు, సుత్తి అక్కర్లేదు. రేకు మీద లేజర్ ఒక గీతలా వెళ్తుంటే పైపొర వేడెక్కి వ్యాకోచించాలని చూస్తుంది. కింద చల్లగా ఉన్న లోహం సాగనివ్వదు. దాంతో పైపొర అక్కడే నొక్కుకుపోతుంది. చల్లారేటప్పుడు కుంచించుకుని, రేకును లేజర్ వైపే లాగుతుంది. ఒక్క గీతకి వంగేది ఒకటి రెండు డిగ్రీలే. అందుకే మళ్లీ మళ్లీ గీయాలి.

ఓడలు కట్టేచోట మందపాటి ప్లేట్లను గ్యాస్ మంటతో వంచేదీ ఇలాగే. ఎక్కడ ఎంత వేడి పెట్టాలో చేయి తిరిగిన పనివాళ్లకే తెలుస్తుంది.

లేజర్‌కి ఆ అనుభవం ఎవరు నేర్పాలి? కావాల్సిన ఆకారం మనకి తెలుసు. ఏ గీత ఎక్కడ, ఎంత వేగంతో, ఎంత పవర్‌తో గీయాలో కనుక్కోవాలి. ఇది మన కోడింగ్ ప్రాబ్లమే కదా! కానీ రేకు ఎలా ప్రవర్తిస్తుందో తెలియకుండా ఆ కోడ్ రాయలేం.

"కోర్ బ్రాంచ్‌లకి ఫ్యూచర్ లేదు" అని క్యాంటీన్‌లో తేల్చేసే ముందు ఒకసారి వర్క్‌షాప్‌కి వెళ్దాం. ఈసారి ట్రే నేనే చేస్తా. వంకరగా వచ్చినా సరే.