స్టెంట్ ఎవరికి, ఎప్పుడు?

గుండె కండరానికి రక్తాన్ని అందించే కరోనరీ ధమనుల గోడల్లో కొవ్వు, కాల్షియం పేరుకొని ఏర్పడే పూడికను, ఛాతీ కోయకుండా, మణికట్టు దగ్గరో గజ్జ దగ్గరో ధమనిలోకి సన్నని గొట్టాన్ని పంపి తొలగదోసే చికిత్సను యాంజియోప్లాస్టీ అంటారు. 1977 సెప్టెంబరు 16న జ్యూరిచ్‌లో ఆండ్రియాస్ గ్రుంట్‌జిగ్ అనే వైద్యుడు, మెలకువగానే ఉన్న రోగి గుండె ధమనిలో చిన్న బెలూన్‌ను ఉబ్బించి, పూడికను గోడకు అదిమి దారి వెడల్పు చేయడంతో ఇది మొదలైంది. బెలూన్ తీసేశాక కొందరిలో ధమని మళ్లీ ముడుచుకుపోతుండడంతో, దాన్ని తెరిచి నిలబెట్టే లోహపు అల్లిక గొట్టం, అంటే స్టెంట్, 1986లో వచ్చింది. ఆ గొట్టం లోపల కణజాలం పెరిగి దారి ఇరుకు కాకుండా మందును కొద్దికొద్దిగా విడుదల చేసే రకాలు తరువాత వచ్చాయి.

ఈ చికిత్స అసలు విలువ గుండెపోటు సమయంలో తెలుస్తుంది. పూడిక పైపొర చిట్లి, అక్కడ రక్తం గడ్డకట్టి ధమని పూర్తిగా మూసుకుపోయినప్పుడు, ఆలస్యమయ్యే ప్రతి నిమిషానికీ గుండె కండరం కొంత చచ్చిపోతుంది కనుక, రోగి ఆసుపత్రికి చేరిన 90 నిమిషాల్లోపు ధమనిని తెరవాలన్నది వైద్యులు పెట్టుకున్న లక్ష్యం. ఈ చికిత్స చేసే క్యాథ్‌ల్యాబ్ దూరంగా ఉన్న ఊళ్లలో, గడ్డను కరిగించే ఇంజెక్షన్‌ను దగ్గరి ఆసుపత్రిలోనే ముందుగా ఇచ్చి, ఆపై పెద్దాసుపత్రికి పంపడం ప్రాణాలు నిలిపే పద్ధతి.

నడిస్తే ఛాతీ పట్టేసి, ఆగితే తగ్గిపోయే స్థిరమైన నొప్పి మాత్రమే ఉన్నవారి సంగతి వేరు. 2007లో వెలువడిన ‘కరేజ్’, 2020లో వెలువడిన ‘ఇస్కీమియా’ అనే అధ్యయనాల్లో, ఇలాంటి రోగులకు మంచి మందులతో పాటు స్టెంట్ వేసినా మరణాలు చెప్పుకోదగినంతగా తగ్గలేదు. నొప్పి మాత్రం చాలామందికి తగ్గింది. గుండెపోటు తెచ్చే చిట్లుడు చాలాసార్లు బాగా ఇరుకైన చోట కాక, అంతగా మూసుకోని చోట జరుగుతుండగా, స్టెంట్ సరిచేసేది బాగా ఇరుకైన ఆ ఒక్క చోటునే. వ్యాధి మాత్రం ధమనుల పొడవునా ఉంటుంది. ఎడమ ప్రధాన ధమనిలో పూడిక ఉన్నవారికి, గుండె బాగా బలహీనపడినవారికి ఈ ఫలితాలు వర్తించవు.

2017 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వం స్టెంట్ల ధరకు పరిమితి విధించడం ఎంతో మేలు చేసింది గానీ, స్టెంట్ అవసరమా అన్న ప్రశ్నకు ధర జవాబు చెప్పదు. రోగి క్యాథ్‌ల్యాబ్ టేబుల్ మీద ఉండగానే బయట కుటుంబానికి తెరమీది ధమని బొమ్మ చూపి, తొంభై శాతం బ్లాకు అని చెప్పి స్టెంట్‌కు సంతకం అడగడం గుండెపోటులో న్యాయమే. అత్యవసరం లేని రోగి విషయంలో అది అన్యాయం. అలాంటివారికి ఇల్లు చేరి ఆలోచించుకొనే వ్యవధి, మరో వైద్యుణ్ని సంప్రదించే వీలు హక్కుగా దక్కాలి. స్టెంట్ వేయించుకున్నవారికి కూడా, యాస్పిరిన్‌తో పాటు ఇచ్చే క్లోపిడోగ్రెల్ వంటి రెండో మాత్రను వైద్యుడు చెప్పకుండా మానేస్తే స్టెంట్‌లోనే రక్తం గడ్డకట్టవచ్చని, ఇంటికి పంపే ముందు తెలుగులో విడమరచి చెప్పాలి.