టీకొట్టు బల్ల దగ్గర

పోయినేడు ఈ పేజీలో పండుగ వంటల గురించి ముచ్చటించుకున్నాం. ఈసారి టీకొట్టు కబురు.

మన యాంగోన్ టీకొట్ల సంగతి మీకు కొత్తగా చెప్పనక్కర్లేదు. పొట్టి బల్లలు, ప్లాస్టిక్ పీటలు, ఊరికే పోసుకు తాగే తేనీటి కూజా. సైకిలు రిక్షా తొక్కేవాడూ, ఆఫీసరూ ఒకే ఎత్తున కూర్చోవలసిందే. అయినా ఎవరు గొంతెత్తవచ్చు, ఎవరు తగ్గించుకోవాలి అన్న లెక్క అక్కడా ఉంటుంది. 1988 మార్చి 12న ఇక్కడి ఇంజనీరింగు కాలేజీ దగ్గర టీకొట్లో ఏ పాటలు పెట్టాలన్న దాని మీదే తగువు మొదలైంది. మర్నాడు కాల్పుల్లో ఫోన్ మా అనే విద్యార్థి చనిపోయాడు. ఆగస్టు 8 నాటికి దేశమే వీధిలోకొచ్చింది.

మొన్న మా ఆరేళ్ళ మనవరాలు టీకొట్లో "తాతా, నాకు సమోసా!" అని తెలుగులో గట్టిగా అరిచింది. పక్క బల్లవాళ్ళు తిరిగి చూశారు. "మెల్లగా అమ్మా, బర్మా భాషలో అడుగు" అన్నాను. కప్పులు తీసే కుర్రాడు, "అదేం భాష?" అనడిగాడు. "ఇండియా భాష" అన్నాను. పేరు చెప్పలేదు.

చిన్నప్పుడు మా నాన్నగారూ నన్నలాగే గొంతు తగ్గించమనేవారు. ఆయన భయానికి కారణముంది. మనవాళ్ళని ఇక్కడ 'కోరంగీలు' అనేవారు. కాకినాడ పక్కనున్న కోరంగి రేవు 1839 తుఫానుకి దెబ్బతిన్నా, దాని పేరు సముద్రం దాటి మనకంటుకుంది. 1930 మేలో రంగూను రేవులో మన కూలీలు కూలి పెంచమని సమ్మె కట్టారు. కంపెనీలు వాళ్ళ బదులు బర్మా కూలీలను పెట్టుకున్నాయి. రాజీ కుదిరి మనవాళ్ళు తిరిగి రాగానే వాళ్ళని పొమ్మన్నాయి. పొట్ట కొట్టింది కంపెనీలు, కొట్టుకున్నది ఇరుపక్కలా పేదవాళ్ళు. వందమందికి పైగా పోయారు, అందులో ఎక్కువమంది మనవాళ్ళే.

కాబట్టి మెల్లగా మాట్లాడే పెద్దల్ని నేను తప్పుపట్టను. కానీ ఆ భయాన్ని ఆరేళ్ళ పిల్లకి నా చేత్తోనే అందించానే అని రాత్రంతా నిద్రపట్టలేదు.

ఆదివారం మనవరాలితో మళ్ళీ వెళ్ళాను. ఆ కుర్రాడే వచ్చాడు. "మొన్న అడిగావే, అది తెలుగు. మేం కోరంగి వాళ్ళం" అన్నాను. వాడు తలూపి, "టీలో పాలెక్కువ వెయ్యమంటారా?" అనడిగాడు.

అంతే. మనవరాలు మాత్రం ఈసారి రెండు సమోసాలడిగింది, తెలుగులోనే.